అన్నీ తెలుసు, కానీ ఆగలేడు. ఏడీహెచ్‌డీ ఉన్న ఎనిమిదేళ్ల బాబుతో మీరైతే ఏం చేస్తారు?

రాజమండ్రి అమ్మ:

అందరికీ నమస్తే. మా బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఆరు నెలల కిందట ఏడీహెచ్‌డీ అని తేల్చారు, అంటే దృష్టి నిలవకపోవడం, కుదురు లేకపోవడం, ఆగలేని తొందరపాటు ఉండే సమస్య. నేనూ, క్లాస్ టీచరూ విడివిడిగా ఫారాలు నింపాం, ఇంట్లోనూ స్కూల్లోనూ రెండు చోట్లా ఇలాగే ఉంటేనే ఆ పేరు పెడతారట. చదువు సంగతి తర్వాత చూసుకోవచ్చు, నా భయమంతా వాడి తొందరపాటు గురించే. అనుకోవడానికీ చేసేయడానికీ మధ్య వాడికి రవ్వంత ఖాళీ లేదండి.

పోయిన వారం స్కూలు ఆటో దిగాడో లేదో, రోడ్డుకి అవతల కుక్కపిల్ల కనబడిందని దూకేశాడు. బైకు అబ్బాయి బ్రేకు వేయబట్టి సరిపోయింది. కాళ్లూ చేతులూ వణుకుతుంటే ఇంట్లోకి లాక్కొచ్చి, రోడ్డు దాటేటప్పుడు ఏం చేయాలిరా అని అడిగాను. కుడివైపు చూడాలి, ఎడమవైపు చూడాలి, అమ్మ చెయ్యి పట్టుకోవాలి అని పద్యం అప్పజెప్పినట్టు చెప్పాడు. అన్నీ తెలుసు! తెలిసినవాడు ఎందుకు పరుగెత్తాడన్నదే నాకు అంతుపట్టడం లేదు.

స్కూల్లో టీచరు ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు అరిచేస్తాడు, పక్కవాడి పెన్సిలు లాగేసుకుంటాడు, వాడు ఇవ్వనంటే ఒక్కటిస్తాడు. డైరీ నిండా ఎర్ర సిరా. మొన్న మా ఆడపడుచు గృహప్రవేశంలో పంతులుగారి గంట తీసుకుని హాలంతా మోగించుకుంటూ తిరిగాడు. అందరి ముందూ రెండు దెబ్బలు వేశాను. రాత్రి పడుకునేటప్పుడు "అమ్మా, నేను చెడ్డవాడినా" అని అడిగాడు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

మా అత్తగారు దిష్టి అంటారు, తాయెత్తు కట్టించారు. మా ఆయన "నేనూ చిన్నప్పుడు ఇంతే, పెద్దయితే అదే పోతుంది" అంటారు. డాక్టరు మందు గురించి చెప్పారు కానీ ఇంకా మొదలుపెట్టలేదు, ఒక నిర్ణయానికి రాలేకపోతున్నాను. వారానికి ఒకసారి థెరపీకి వెళ్తున్నాం, మిగిలిన ఆరు రోజులూ ఇరవైనాలుగు గంటలూ నేనే కదా. ఇంట్లో మీరు నిజంగా ఏం చేస్తున్నారో చెప్పండి. "ఓపిక పట్టండి" అని మాత్రం అనకండి, అది అయిపోయింది.

వరంగల్ నాన్న:

మాది పాప అక్కా, పదకొండేళ్లు. ఆడపిల్లలకు ఇది ఉండదనుకుంటారు చాలామంది, మాకూ అందుకే ఆలస్యంగా తెలిసింది. మీ రోడ్డు సంగతి చదువుతుంటే మా ఇంటి కథే చదివినట్టుంది. మాకు మేడ మీద గాలిపటాల రోజు, పిట్టగోడ లేని వైపు. ఇంకా చెప్పను.

మీరు అడిగిన ప్రశ్నకు, అంటే తెలిసినవాడు ఎందుకు పరుగెత్తాడన్న దానికి, మా పాప సైకాలజిస్టు చెప్పిన మాట నాకు బాగా పట్టింది. పిల్లకు నియమం తెలుసు, కానీ కుక్కపిల్ల కనబడిన ఆ క్షణంలో అది బుర్రలోకి సమయానికి రాదు, కాళ్లు కదిలాక వస్తుంది. తెలియని పిల్లకైతే చెప్పాలి. తెలిసి ఆగలేని పిల్లకు చెప్పినదే చెప్తే ఏం లాభం? 2007లో అమెరికాలో స్కాన్లు తీసి చూసిన ఒక అధ్యయనంలో, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల మెదడు పైపొర ఎదిగే తీరు మామూలుగానే ఉంది కానీ మూడేళ్లు వెనక నడుస్తోందని తేలింది, ఆగడానికీ ఆలోచించడానికీ పనికొచ్చే ముందుభాగంలో ఆ ఆలస్యం ఇంకా ఎక్కువట. రస్సెల్ బార్క్‌లీ అని ఒక సైకాలజిస్టు ఉన్నారు, ఈయన తల్లిదండ్రులకు ఒక మోటు లెక్క చెప్తుంటారు: తనను తాను అదుపు చేసుకునే విషయంలో పిల్ల వయసులో మూడోవంతు దాకా తగ్గించి చూసుకోండని. మీవాడు ఎనిమిదేళ్లవాడే, కానీ రోడ్డు అంచున ఐదారేళ్లవాడు. ఐదేళ్ల పిల్లాడిని ఆటో నుంచి ఒంటరిగా దిగనిస్తామా?

అందుకని నేను లెక్చర్లు మానేసి, తప్పు జరిగే చోట నిలబడడం మొదలుపెట్టాను. ఆటో ఆగకముందే మీ చెయ్యి వాడి భుజం మీద ఉండాలి. ఆటో అతనితో మాట్లాడి మీ ఇంటి వైపే దింపమనండి, మీరు కనబడేదాకా దించొద్దనండి, మేము నెలకు కొంచెం ఎక్కువిచ్చి ఆ పని చేయించుకున్నాం. వీధి తలుపుకు గొళ్లెం పైన పెట్టించండి, గ్యాస్ రెగ్యులేటర్ రాత్రిపూట తీసేయండి, కత్తిపీట అందని చోట పెట్టండి. ఇవన్నీ చేస్తే నన్ను చూసి మావాళ్లు నవ్వారు, పదకొండేళ్ల పిల్లకు ఇదేందని. నవ్వుకోనీ. దీపావళికి మేము ముందే ఒక గీత గీస్తాం ముగ్గుపిండితో, నేను పేరు పిలిచినవాళ్లే గీత దాటి వచ్చి వెలిగించాలి, మా పాపతో పాటు చుట్టాల పిల్లలందరికీ అదే రూలు, దానికొక్కదానికే పెడితే అవమానంగా ఉంటుంది.

దిగేముందు మీరు అడగండి, "దిగగానే ఏం చేస్తావ్?" అని. వాడు చెప్పాలి, మీరు కాదు. దిగి మీ చెయ్యి పట్టుకున్న ఆ సెకనులోనే "ఆగావు చూడు, భలే" అనండి. సాయంత్రం ఇంటికి వచ్చాక మెచ్చుకుంటే ఈ పిల్లలకు అది పాత వార్త.

పాతకాలం మనిషి:

మా రోజుల్లో ఇవేమీ లేవు. అయ్యవారు కోదండం వేయిస్తే అందరూ దారికొచ్చేవాళ్లు. ఇప్పుడు అల్లరికి కూడా ఇంగ్లిష్ పేరు పెట్టి మందులు అమ్ముతున్నారు.

అనంతపురం టీచర్:

పెద్దాయనా, కోపం తెచ్చుకోకండి, మీ రోజుల్లో కూడా ఉన్నారు ఈ పిల్లలు. ఐదో తరగతిలో బడి మానేసి గేదెల వెంట పోయినవాళ్లలో ఎంతమంది వీళ్లో ఎవరు లెక్కపెట్టారు? కొడితే ఆ పూటకు ఆగుతాడు, అదీ కొట్టినవాడు ఎదురుగా ఉన్నంతసేపే. పైగా కొట్టేవాణ్ని చూసి పిల్లాడు నేర్చుకునేది, కోపమొస్తే చెయ్యి లేపొచ్చని. ఇప్పుడు 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడిలో కొట్టడం నిషేధం కూడా.

రాజమండ్రి మేడమ్, నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పదహారేళ్లుగా చెప్తున్నా. డాక్టరు చీటీ ఉన్నా లేకపోయినా ప్రతి ఏడూ ఇలాంటి పిల్లాడు ఒకరైనా ఉంటాడు నా క్లాసులో. జవాబు అరిచేసే పిల్లాడికి నా మందు పలక. అవును, పాత పలకే. ప్రశ్న వేయగానే అందరూ పలక మీద జవాబు రాసి బోర్లించాలి, నేను "ఎత్తండి" అన్నప్పుడు ఎత్తాలి. జవాబు బయటికి రావాలన్న వాడి ఆత్రం చేతిలోకి పోతుంది, నోరు ఆగుతుంది. నోరు మూసుకో అని రోజంతా అరిచినా రాని ఫలితం ఇది, అదీగాక మిగతా ముప్పైమందికి కూడా మంచిదే.

ముందు బెంచీలో, నాకు చెయ్యి అందేంత దగ్గర కూర్చోబెడతా, కిటికీ పక్కన మాత్రం వద్దు. నాకూ వాడికీ మధ్య ఒక గుర్తు ఉంటుంది, నేను నడుస్తూ వాడి బల్ల మీద రెండుసార్లు వేలితో తడితే "ఆగు" అని అర్థం, క్లాసుకు తెలియదు. నోటు పుస్తకాలు పంచడం, సుద్దముక్కలు తేవడం, ఆఫీసు గదికి రిజిస్టరు తీసుకుపోవడం వాడి పని. కాళ్లు కదిలే పని దొరికితే తర్వాత ఒక పావుగంట కుదురుగా కూర్చుంటాడు. ఆటల పీరియడు కోసేసే శిక్ష మాత్రం ఎవ్వరూ వేయకండి, అది వాడి ఊపిరి కోసేసినట్టే, మధ్యాహ్నం దాని ఫలితం మీరే అనుభవిస్తారు.

ఎర్ర సిరా గురించి. టీచరమ్మని కలిసి గొడవ పడకుండా ఒక చిన్న కార్డు అడగండి. రెండే రెండు విషయాలు రాయండి: చెయ్యెత్తి జవాబు చెప్పాడా, అడిగి తీసుకున్నాడా. పీరియడు అయ్యాక అవును అయితే ఒక టిక్కు, అంతే, ఆవిడకు పది సెకన్ల పని. పది విషయాలు రాయకండి, ఏ టీచరూ నింపదు, నేనూ నింపను. మొదట్లో సగం టిక్కులు వచ్చినా ఇంట్లో బహుమతి ఉండాలి, అందని ఎత్తులో పెడితే మూడో రోజే కార్డు చింపేస్తాడు.

బెంగళూరు తెలుగోడు:

నాకు ఇరవైతొమ్మిదేళ్లకు తెలిసింది ఈ పేరు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, ఇప్పటికీ మీటింగులో ఎదుటివాడి మాట పూర్తి కానివ్వను, నాలుక కొరుక్కుంటూ కూర్చుంటాను. చిన్నప్పుడు మా నాన్న నన్ను అడిగిన ఒకే ప్రశ్న, "ఎందుకు చేశావురా?" నాకు నిజంగా తెలియదు అక్కా. తెలియదంటే ఇంకో దెబ్బ. అందుకని అబద్ధాలు కల్పించడం నేర్చుకున్నాను, అందులో బాగా ఆరితేరాను కూడా. మీవాణ్ని "ఎందుకు" అని అడగకండి. "ఇప్పుడు దీన్ని ఎలా సరిచేద్దాం" అనండి, పెన్సిలు తిరిగి ఇచ్చేయడం, గంట తీసుకెళ్లి పంతులుగారికి ఇచ్చి రావడం, అక్కడితో ముగించండి. దాన్ని మళ్లీ చుట్టాల దగ్గర చెప్పి నవ్వకండి.

ఇంకోటి. మీ ఆయన "నేనూ ఇంతే" అన్నారు కదా, ఆ మాట కొట్టిపారేయకండి. ఇది కుటుంబాల్లో బలంగా వచ్చేదే, ఎత్తు ఎలా వస్తుందో దాదాపు అలాగ. పెద్దయితే పరుగులు తగ్గుతాయి, లోపలి ఆత్రం చాలామందిలో మిగిలిపోతుంది. బండి మీద ఎంత తొందర, డబ్బు ఖర్చు పెట్టడంలో ఎంత తొందర అని ఒకసారి ఆయన్నే అడిగి చూడండి. నవ్వితే సగం జవాబు వచ్చినట్టే.

"నేను చెడ్డవాడినా" అన్నాడని రాశారు. చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. దానికి మాటలతో జవాబు చెప్తే నమ్మడు. రోజుకు ఒక పావుగంట వాడు చెప్పిన ఆట ఆడండి, ఆ పావుగంటలో తప్పులు దిద్దడం, నేర్పించడం ఏమీ వద్దు.

కొత్తపేట సుబ్బు:

స్వీట్లు, చాక్లెట్లు మానిపిస్తే తగ్గుతుందని మా పక్కింటివాళ్లు చెప్పారు, నిజమేనా?

హైదరాబాద్ అమ్మ:

సుబ్బుగారూ, చక్కెర తిన్నాడో లేదో తల్లిదండ్రులకు కూడా తెలియకుండా చేసిన పరీక్షలున్నాయి, 1995లో వాటన్నిటినీ కలిపి చూస్తే ప్రవర్తనలో తేడా కనబడలేదు. పళ్ల కోసం తగ్గించండి, దీని కోసం కాదు. పుట్టినరోజు పార్టీలో పిల్లలు ఎగరడానికి కారణం కేకు కాదు, పార్టీ.

రాజమండ్రి చెల్లీ, మందు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతా. మావాడికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో ఏట మొదలుపెట్టాం. నేను డాక్టర్ని కాదు, మోతాదు సంగతులు నన్ను అడగకండి. మా డాక్టరు చెప్పిందేమిటంటే, ఆరేళ్లలోపు పిల్లలకు ముందు తల్లిదండ్రులకు శిక్షణ, ఆరు దాటాక మందూ శిక్షణా రెండూ కలిపి, అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2019లో ఇచ్చిన సూచన కూడా అదే. ఏడాది పాటు ఏడ్చాను మత్తుమందుకి బానిసవుతాడేమోనని. డాక్టరు చెప్పినట్టు వాడిన పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించిన అధ్యయనాల్లో మత్తు అలవాట్లు దానివల్ల పెరిగినట్టు తేలలేదు, అది తెలిశాకే కాస్త కుదుటపడ్డాను.

ఎక్కువగా రాసేది మిథైల్‌ఫెనిడేట్. గంటలోపు పని మొదలవుతుంది, మామూలు మాత్ర అయితే నాలుగు గంటలకు దిగిపోతుంది, ఎక్కువసేపు పనిచేసే రకం కూడా ఉంది. మన దగ్గర ఇది మత్తు పదార్థాలను అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తుంది, అందుకే వీధి చివర మెడికల్ షాపులో దొరకదు, చీటీ పట్టుకుని పెద్ద షాపులు తిరగాలి, స్టాకు అయిపోకముందే తెచ్చి పెట్టుకోవాలి (ఒక పండగ వారం మేము ఇది మర్చిపోయి చాలా అవస్థ పడ్డాం). ఆకలి తగ్గుతుంది, అది నిజం. మావాడి లంచ్ బాక్సు ఏడాది పాటు తీసుకెళ్లినట్టే తిరిగొచ్చింది. మాత్రకు ముందే పొద్దున నెయ్యి వేసి కడుపునిండా పెట్టేదాన్ని, రాత్రి ఎనిమిదింటికి ఆకలి తిరిగొచ్చేది, అప్పుడు ఇంకోసారి. నిద్ర కూడా కొంచెం వెనక్కి జరగొచ్చు. ఎత్తు, బరువు, బీపీ, నాడి ప్రతిసారీ చూస్తారు, ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉంటే ముందే చెప్పాలి. ఇంకో రకం ఆటమాక్సిటిన్ అని ఉంది, అది పని చేసిందో లేదో తేలడానికి వారాలు పడుతుంది, మూడో రోజే పనిచేయడం లేదని ఆపేయకూడదు.

మందు ఏం చేసిందంటారా? వాడు మారిపోలేదు. చెయ్యి లేపాక మధ్యలో ఆపుకోవడం మొదటిసారి చూశాను. ఆ చిన్న ఖాళీలోనే మేము నేర్పినవన్నీ వచ్చి కూర్చున్నాయి. మందు లేకుండా నేర్పలేరని కాదు, చాలామంది నేర్పుతున్నారు, కానీ మీవాడు రోడ్డు మీద పరుగెడుతున్నాడు, కాబట్టి ఆ మాట డాక్టరుతో ఇంకోసారి కూర్చుని మాట్లాడండి. థెరపీ ఖర్చు భారమైతే జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ అని పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే కేంద్రం ఉంటుంది, కనుక్కోండి. మీకే నిద్ర లేదన్నారు కదా, 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. నేను చేశాను ఒకసారి, మావాడి గురించి కాదు, నా గురించి.

ఇంట్లో మాకు పనికొచ్చినది చింతగింజలు. ఒక గాజు సీసా, బల్ల మీద అందరికీ కనబడేలా. అడిగి తీసుకున్నా, కోపం వచ్చినప్పుడు చెయ్యి వెనక్కి కట్టుకున్నా అప్పటికప్పుడు ఒక గింజ, టక్ మని చప్పుడు వినబడాలి. పది గింజలకు రాత్రి కథ వాడు ఎంచుకోవచ్చు, ముప్పైకి సైకిలు మీద షికారు, మీకైతే గోదారి గట్టు దగ్గరే కదా. వేసిన గింజ తిరిగి తీయను, సంపాదించింది వాడిది. కొడితే మాత్రం మాటల్లేకుండా వేరే కుర్చీలో కూర్చోవాలి, ఏడాది వయసుకి ఒక నిమిషం లెక్క, మీవాడికైతే ఎనిమిది నిమిషాలు, అయిపోయాక ఆ విషయం ఎత్తను. బహుమతులు మూడు వారాలకొకసారి మార్చకపోతే వీళ్లకు విసుగొచ్చేస్తుంది, అందుకే మీకు పథకం ఫెయిలైనట్టు అనిపిస్తుంది, ఫెయిలవలేదు, పాతబడింది.

సెలవుల్లో అష్టాచెమ్మా, వైకుంఠపాళి ఆడించండి, వంతు కోసం ఆగడం ఆటలో వచ్చినంత సుళువుగా ఇంకెక్కడా రాదు. "స్టాచ్యూ" అంటే బొమ్మలా నిలబడిపోయే ఆట ఉంది చూశారా, మేము దాన్ని బజార్లో కూడా వాడేశాం.

రాజమండ్రి అమ్మ:

అందరికీ పేరుపేరునా థాంక్స్. మూడు వారాలయింది, జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

ఆటో అతను మంచివాడు, డబ్బులు వద్దన్నాడు, ఇంటి వైపే దింపుతున్నాడు. "స్టాచ్యూ" పని చేసింది, ఒకసారి కూరగాయల బజార్లో మాత్రం నేను అరవగానే వీడితో పాటు ఇంకో ఇద్దరు పిల్లలు ఆగిపోయారు. కార్డుకి టీచరు ఒప్పుకున్నారు, మొదటి వారం టిక్కులు తక్కువే, రెండో వారం కాస్త నయం, మూడో వారం మళ్లీ ఒకరోజు కొట్టాడు. పలక సంగతి చెప్తే ఆవిడ ఆలోచిస్తానన్నారు, చూడాలి. వచ్చే సోమవారం డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్తున్నాం, మందు గురించి అడగడానికి. మా ఆయన్ని బండి తొందర గురించి అడిగాను. నవ్వలేదు, చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత వాళ్ల నాన్న తనను గుంజకు కట్టేసిన సంగతి చెప్పారు. పదేళ్ల కాపురంలో నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు సాయంత్రం పావుగంట ఆట ఆయనదే.

నేను ఈ మూడు వారాల్లో ఒక్కసారి చెయ్యి చేసుకున్నాను. తర్వాత వాడి దగ్గరికెళ్లి, నేనూ ఆగలేకపోయాను నాన్నా అన్నాను. "నీకూ సీసా పెట్టాలమ్మా" అన్నాడు.

ఒక డౌటు. చింతగింజల సీసాలో మా అత్తగారు నేను చూడకుండా రెండు మూడు గింజలు ఎక్కువ వేసేస్తున్నారు, మనవడి మీద ప్రేమ. వద్దంటే చిన్నబుచ్చుకుంటున్నారు. ఏం చేయను?

హైదరాబాద్ అమ్మ:

మానమనకండి. వేసే ప్రతి గింజకీ ఎందుకు వేశారో పైకి చెప్పి వేయమనండి, "అడిగి తీసుకున్నావు కాబట్టి" అని. కారణం వెతకాలంటే ఆవిడ కూడా రోజంతా వాడు ఎప్పుడు ఆగాడా అని చూస్తూ ఉండాలి కదా. మా అమ్మకి అలాగే అప్పగించాను, రెండు రోజుల్లో నాకంటే గట్టిదైపోయింది, అర గింజ కూడా ఊరికే రాల్చేది కాదు.